ముద్ర ఎందుకు వేస్తారు?

సౌదీలోని జిజాన్‌లో ఒక సూపర్ మార్కెట్ మాంసం కౌంటర్‌లో పనిచేసే జగిత్యాల తమ్ముడికీ, కంపెనీ లెక్కలు రాసే అతనితో ఒకే గదిలో ఉండే అన్నకూ వంట దగ్గర జరిగిన వాదన ఇది. పొయ్యి మీద బ్రెజిల్ కోడి ఉడుకుతోంది.

తమ్ముడు: అన్నా, క్లోనింగ్ పశువు మాంసం మా షాపుకొస్తే ఎట్ల తెలుస్తది?

అన్న: తెల్వదు. ఒక ఆవు కణంల ఉన్నదే ఇంకో ఆవుగ పుడ్తది, కొత్తగ కలిపిందేం ఉండదు. ఆవు, పంది, మేక క్లోన్ల పాలు, మాంసం తినొచ్చని 2008 జనవరిల అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెప్పింది. లేబుల్ గూడ అక్కర్లేదన్నది. భయపడేదుంటే రోగానికి భయపడు. 2000ల రిఫ్ట్ వ్యాలీ జ్వరం ఆఫ్రికా దాటి ఈ జిజాన్‌కే వచ్చె, పశువుల నుంచి మనుషులకు. క్లోన్ రోగం గాదు.

తమ్ముడు: రోగమని నేనన్ననా? తెలుసుకోవద్దా అంటున్న.

అన్న: తేడానే లేనప్పుడు తెలుసుకునేదేంది? అయినా అంత ఖర్చు పెట్టి పుట్టించినదాన్ని ఎవడు కోస్తడు? విత్తనానికి ఉంచుతరు. హిసార్‌ల 2015ల పుట్టిన ముర్రా దున్న హిసార్ గౌరవ్ అట్లాంటిదే. పళ్లెంలకొచ్చేది వాటి పిల్లలు.

తమ్ముడు: ఈ కోడి కవరు మీద హలాల్ ముద్ర ఉన్నది. ముక్క నమిలి ఎట్ల కోసిన్రో చెప్తవా? నాలుకకు దొరకదనే ముద్ర వేసిన్రు. నువ్వేమో తేడా దొరకదు గాబట్టి ముద్రొద్దంటున్నవ్.

అన్న గరిటె తిప్పుతూ ఉండిపోయాడు. ఈ వాదనలో బరువున్న మాట ఇదే. సైన్సు చదివిన పెద్దలు కూడా దీన్ని తప్పించుకునే పోతారు.

అన్న: అది ధర్మం మాట. మరి 1997ల జిద్దాలనే ఇస్లామీ ఫిఖ్ అకాడమీ మనుషుల క్లోనింగ్ వద్దన్నది, పశువులకు, మొక్కలకు హద్దుల్లో ఉంటే సరేనన్నది.

తమ్ముడు: సరేనన్నది. చెప్పొద్దనలే.

అన్న: ఐతే మామిడికి గూడ రాయి! అంటు కట్టిన ప్రతి బంగినపల్లి క్లోనే.

తమ్ముడు: అంటు కడితే చెట్టుకు పురిటి నొప్పులొస్తయా? క్లోన్ పిండాలు చానా మట్టుకు నిలవయి. దూడ కడుపులనే అతిగ పెరిగి మోసే ఆవు తిప్పలు పడుతది. నువ్వు చెప్పిన అమెరికా సంస్థే రాసింది. కర్నాల్‌ల 2009ల పుట్టిన మొదటి క్లోన్ బర్రె దూడ వారం గూడ బతకలే. నేను నా కడుపు గురించి అడుగుతలేనన్నా, దాన్ని మోసిన బర్రె గురించి అడుగుతున్న.

అన్న: లేబులేస్తే ధర పెరుగుతది. మనసొంటోళ్లే కట్టాలె.

అన్న చెప్పిన ధర భయం ఉత్తది కాదు. కానీ బ్రిటన్‌లో ఏం జరిగిందో చూడండి. అమెరికా క్లోన్ ఆవుకు పుట్టిన ఒక ఎద్దును 2009లో కోశారు, జనం తెలియకుండానే తిన్నారు. మరుసటి ఏడాది దాని ఆచూకీ తీసింది పశువుల రికార్డులే. అంటే కాగితం ఉంది. వంశం చూపించి విత్తనం అమ్ముకునే కంపెనీని, అదే వంశం మాంసం కొనేవాడికీ చూపించమనడం గొంతెమ్మ కోరికేమీ కాదు.