అవతలి పక్షానికీ తర్పణం

హిమాయత్‌నగర్, మొయినాబాద్, చేవెళ్ల వైపు నుంచి విశాఖ యాత్రకు వెళ్లే కుటుంబాలు సాధారణంగా ఒకే దారి పడతాయి. అన్నవరంలో సత్యనారాయణస్వామి వ్రతం, సింహాచలంలో అప్పన్న దర్శనం, సాయంత్రం రామకృష్ణా బీచ్. అక్కడ కురుసుర జలాంతర్గామిని పిల్లలకు చూపించి, ఫొటోలు దిగి రైలెక్కుతాం. గుళ్లు యాత్ర కింద, జలాంతర్గామి వినోదం కింద జమ వేసుకుంటాం. నా మట్టుకు కురుసుర కూడా యాత్రలో భాగమే. సింహాచలంలో మనం మొక్కేది వరాహ నరసింహుడికి. భూమిని ఉద్ధరించడానికి నీళ్ల అడుగుకు దిగిన దేవుడు ఆయన.

సోవియట్ దేశంలో తయారైన కురుసుర 1969 డిసెంబర్ 18న మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధకాలంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. 2001లో విధుల నుంచి తప్పుకొని మరుసటి ఏడాది ప్రదర్శనశాల అయింది. పొడవు 91 మీటర్లు, లోపల ఉండేది 75 మంది. ఒక గది నుంచి మరో గదికి గుండ్రటి కంతలోంచి నడుం వంచి దూరాలి. టార్పెడోల పక్కనే పడకలు. నీటి అడుగున బ్యాటరీలతోనే నడక. అవి మళ్లీ నిండాలంటే డీజిల్ ఇంజిన్లు తిరగాలి, వాటికి గాలి కావాలి, గాలి కోసం పైకి రావాలి. లోపలివారికి ఎండ కనబడదు, మంచినీళ్లు కొలతే, స్నానం మాట దేవుడెరుగు. కార్తీకంలో నెల రోజుల నియమానికే మనకు ఎంతో పట్టుదల కావాలి. వీళ్లది ఏళ్ల తరబడి సాగిన నియమం.

మా మనుమరాలు టార్పెడో గొట్టం మీద చెయ్యివేసి, "తాతా, గీ బాంబులతోని ఎవరినన్న చంపిన్రా?" అని అడిగింది. కురుసుర ఆ యుద్ధంలో ఏ నౌకనూ ముంచలేదని చెప్పాను. కానీ ఆ బిడ్డ అడిగినదానికి అసలు జవాబు బయట, ఎదురుగా ఉన్న సముద్రంలోనే ఉంది.

1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక, విశాఖ తీరానికి దగ్గరలోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. ఎలా మునిగిందన్న దానిపై రెండు దేశాల మాట ఒకటి కాదు. అందులోని తొంభై మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు. అయిదు రోజులకు, డిసెంబర్ 9న, దీవ్ సమీపంలో మన ఖుక్రీ నౌకను పాకిస్తాన్ జలాంతర్గామి ముంచింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను వదలకుండా దానితోపాటే వెళ్లిపోయారు. ఆయనతో కలిపి మనం పోగొట్టుకున్నది 194 మందిని.

ఇలా రెండు వైపులా పోయినవారిని ఎలా తలచుకోవాలో మహాభారతం చెప్పింది. కురుక్షేత్రం ముగిశాక ధర్మరాజు చేసిన మొదటి పని పట్టాభిషేకం కాదు. స్త్రీపర్వం చూడండి. విదురుణ్ణి, సంజయుణ్ణి, ధౌమ్యుణ్ణి పిలిచి, నా అన్నవాళ్లు లేని వీరులకు కూడా దహన సంస్కారాలు జరిపించమన్నాడు. ఇటువాళ్లా అటువాళ్లా అని చూడలేదు. తర్వాత గంగ ఒడ్డున తర్పణాలు విడుస్తున్నప్పుడే, కర్ణుడు మీ అన్న అని కుంతి బయటపెట్టింది. శత్రువనుకున్నవాడు తోబుట్టువని తెలిసింది తర్పణం వేళే. ఆ ఘట్టం చదివినప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది. భీష్ముడు పోరాడింది కౌరవుల పక్షాన. అయినా మాఘ శుద్ధ అష్టమినాడు ఆ సంతానం లేని పెద్దాయనకు దేశమంతా నీళ్లు విడుస్తోంది. ఎవరూ పక్షం అడగరు.

అవతలి పక్షానికీ నీళ్లు విడవమనడం దేశభక్తికి తక్కువ చేసే మాట కాదు. మన నౌకాదళమే దారి చూపింది. సాగర గర్భంలో ఘాజీ శిథిలాలను గుర్తించినట్టు 2024లో వార్తలు వచ్చాయి. చనిపోయినవారి మీద గౌరవంతో వాటిని కదపకుండా వదిలేశారని కూడా ఆ వార్తల్లోనే ఉంది.

ఈసారి పిల్లలతో విశాఖ వెళితే, కురుసుర చూసి దిగాక ఆ బీచ్ రోడ్డులోనే ఉన్న 'విక్టరీ ఎట్ సీ' స్మారకం దగ్గర కాసేపు ఆగండి. ఖుక్రీ కథ చెప్పండి, ఘాజీ కథ కూడా చెప్పండి. తర్పణం తెలిసినవారు రెండు పక్షాలవారి పేరునా నీళ్లు విడవండి. మన ఊళ్ల ముస్లిం సోదరులు ఫాతిహా చదవండి. ఏదీ రానివారు సముద్రం వైపు తిరిగి చేతులు జోడించినా చాలు.