గేటు దాటిన సీసా

ఇంగ్లండు, వేల్సులలో 2003 నాటి లైసెన్సింగ్ చట్టం ప్రకారం, 500 మందికి లోపు జనంతో జరిగే ఊరి సంబరంలో మద్యం అమ్మదలచినవారు సాధారణంగా 10 పనిదినాల ముందే స్థానిక కౌన్సిలుకు ‘తాత్కాలిక వేడుక నోటీసు’ అనే పత్రం ఇచ్చి, ఆ మద్యం అక్కడే తాగడానికో, ఇంటికి తీసుకుపోవడానికో అందులో తెలపాలి. తాగడం పాపమా అని ఆ చట్టం అడగదు. నేరం, ప్రజాభద్రత, ఇరుగుపొరుగుకు ఇబ్బంది, పిల్లలకు హాని అనే నాలుగింటినే చూస్తుంది. ఇతరులకు కీడు కలిగితేనే వ్యక్తి స్వేచ్ఛలో సమాజం జోక్యం చేసుకోవచ్చునని 1859లో జాన్ స్టూవర్ట్ మిల్ ప్రతిపాదించిన హాని సూత్రమే దీనికి పునాదిలా కనిపిస్తుంది. అయితే మూత తీయని సీసా గేటు దాటాక జరిగే కీడులో అమ్మినవాని వంతెంత అని తేల్చడానికి ఆ సూత్రం ఒక్కటే చాలదు. కర్మ సిద్ధాంతమైతే చేసినవానితోపాటు చేయించినవానికీ, ఆమోదించినవానికీ ఫలంలో భాగముందంటుంది. తమ ఆవరణల్లో మద్యం అమ్మకాన్ని సాధారణంగా అనుమతించని బ్రిటిష్ మెథడిస్టు క్రైస్తవుల నియమం, విచిత్రంగా, తమ దేశపు చట్టం కన్నా ఈ భావానికే దగ్గర.