బల్లమీది గంట



సభలో ఎట్లు మాట్లాడవలెనో నేర్పు పుస్తకములు అనేకములు కలవు. ఇతరులను ఎట్లు మాట్లాడనియ్యవలెనో, ఎప్పుడు ఆపవలెనో, ఆపినప్పుడు ఏమి చెప్పి ఆపవలెనో మనలో చాలమందికి ఎవరును నేర్పలేదు. అయినను మనలో అనేకులము ఏదో యొక దినమున ఆ కుర్చీలో కూర్చుండువారమే. అది సంఘ కమిటీ కావచ్చును, పాల సొసైటీ కావచ్చును, బడి కమిటీ కావచ్చును, గ్రామసభ కావచ్చును. ఎదుట బల్లమీద ఒక గంట యుండును. ఆ గంటమీద చేయి వేయువాని బాధ్యతనుగూర్చి ఈ నెల కొంచెము ఆలోచింతము.

ముందుగా నా సంగతి చెప్పుట న్యాయము. కొన్ని సంవత్సరముల క్రిందట శావల్యాపురము చుట్టుప్రక్కల నున్న యొక పల్లె సంఘములో సాంవత్సరిక సర్వసభ్య కూటమునకు నేను అధ్యక్షుడనుగా నుంటిని. కోతపండుగ జరిగి మూడు వారములైనది. పండుగనాడు విశ్వాసులు తెచ్చిన కోళ్లు, గుమ్మడికాయలు, కందులు, మిరపకాయలు గుడి ఆవరణములో వేలము వేయబడెను. కూటములో లెక్కలు చదువుట ముగిసిన పిమ్మట, వెనుక చాపమీద కూర్చున్న యొక తల్లి లేచి, "మాస్టారూ, నేను తెచ్చిన మిరపకాయల టిక్కీ ఎంతకు పోయింది? ఎవురు పాడారు?" అని అడిగెను. అరెకరము కౌలు చేనిలో పండినదానిలోనుండి ఆమె తెచ్చిన టిక్కీ అది. దానిని పాడుకొన్నవాడు కమిటీ సభ్యుని తమ్ముడు. ధర మరీ తక్కువ యని ఊరిలో గుసగుస యుండెను, నేనును వినియుంటిని. నేను గంట మ్రోగించి, "అది ఇయ్యాల అజెండాలో లేదమ్మా, కూర్చో" అంటిని. ఆమె కూర్చుండెను.

అజెండా నా చొక్కా జేబులో నుండెను. నేనును కార్యదర్శియు తప్ప దానిని ఎవరును చూచియుండలేదు. పది నిమిషములైన తరువాత పెద్దలలో నొకడు లేచి ప్రహరీగోడ విషయమెత్తి పావుగంటసేపు మాట్లాడెను. అదియు అజెండాలో లేదు. నేను గంటను ముట్టలేదు. ఆ రాత్రి మినిట్సు వ్రాయునప్పుడు కార్యదర్శి, "ఆమె అడిగింది రాయాలా మాస్టారూ?" అనెను. "అక్కరలేదులే" అంటిని. ప్రహరీగోడ మాత్రము పుస్తకములోనికి ఎక్కినది.

నేను ఎవరిని తిట్టలేదు, ఎవరి సొమ్ము ముట్టలేదు, కూటము వేళకు ముగిసినది. ఆ రాత్రి సుఖముగానే నిద్రపోతిని. మరుసటి ఏట కోతపండుగకు ఆమె టిక్కీ తేలేదు. అప్పుడుగాని నాకు తెలివి రాలేదు.

కూటమునకు క్రమము అక్కరలేదని నేను చెప్పుట లేదు. గంట లేనిచోట స్వేచ్ఛ యుండునని తలంచువారు అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయము చదువవలెను. ఎఫెసు నాటకశాలలో జనులు తలకొక కేక వేసిరి. వారిలో ఎక్కువమందికి తాము ఎందుకు వచ్చిరో కూడ తెలియదని లూకా వ్రాసెను. అలెక్సంద్రు అనువాడు చేసైగ చేసి మాట్లాడబోగా, అతడు యూదుడని తెలిసికొని జనులు రెండు గంటలసేపు ఒకే నినాదము చేసిరి. అక్కడ అధ్యక్షుడు లేడు, అయినను ఒకని నోరు మూయబడెను. అధ్యక్షుని తీసివేసినంతమాత్రమున నోళ్లు మూయుట ఆగదు. మూయు పని ఊరిలో పెద్ద గొంతుగలవారి చేతికి పోవును. మన పల్లెలలో పెద్ద గొంతులు ఎవరివో నేను చెప్పనక్కరలేదు.

ఆ అల్లరిని అణచినవానిని మన తెలుగు బైబిలు కరణము అని పిలిచినది. (మన రాష్ట్రములో కరణము ఉద్యోగము 1984లో రద్దయినది గాని, పల్నాటి వృద్ధులకు ఆ మాట వినగానే కలుగు భావము ఇంకను రద్దు కాలేదు.) ఎఫెసు కరణము భక్తుడు కాడు, పౌలు స్నేహితుడు కాడు. అయినను అతని పద్ధతి చూడుడి. దేమేత్రికిని అతనితోటి పనివారికిని ఫిర్యాదు ఉన్నయెడల న్యాయసభలున్నవి, అధిపతులున్నారు, అక్కడికి పొండనెను. వేరే సంగతి యున్నయెడల క్రమమైన సభలో తీర్చుకొనుడనెను. ఈ దినపు అల్లరికి మనమే పైవారికి జవాబు చెప్పవలసివచ్చునని తన్నును కలుపుకొని భయపడెను. అటుతరువాత సభను పంపివేసెను. అతడును చర్చను ఆపినవాడే. కాని ఎందుకు ఆపెనో చెప్పెను, ఎక్కడికి పోవలెనో చూపెను, తనకు పైన ఒకరున్నారని ఒప్పుకొనెను. నేను చెప్పిన కారణము నిజమైన కారణము కాదు. ఆ తల్లికి వేరొక తలుపు చూపలేదు. ఆ కూటములో నాకు పైన ఎవరును లేరన్నట్లు ప్రవర్తించితిని.

మన వినుకొండ, నరసరావుపేట ప్రాంతపు బాప్తిస్టు సంఘముల పద్ధతినిబట్టి సభ్యుల కూటమే పెద్ద, అధ్యక్షుడు దాని సేవకుడు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘములో ప్రధాన బిషప్పుకు మోడరేటరు అను బిరుదే యున్నది. మితము తప్పకుండ చూచువాడని ఆ మాటకు అర్థము. ఇతరులను మితములో నుంచువాడు అనియే మనము దానిని గ్రహించుచున్నాము, తన్నుతాను అనికూడ గ్రహించినయెడల సగము తగవులు తీరును.

ఈ జబ్బు పల్లె కూటములకు మాత్రమే చెందినది కాదు. 2014లో రాష్ట్రము రెండుగా విడిపోయినప్పటి దినములు జ్ఞాపకము చేసికొందము. ఎవరి పక్షము న్యాయమైనదో తేల్చుట నా ఉద్దేశము కాదు. రెండు ప్రక్కలను మన బంధువులున్నారు. జనవరి 30న హైదరాబాదులో శాసనసభ విభజన బిల్లును తిరస్కరించు తీర్మానమును గందరగోళము మధ్య మూజువాణి ఓటుతో ఆమోదించెను. ఇదేమి పద్ధతి అని తెలంగాణమువారు మండిపడిరి. ఫిబ్రవరి 18న ఢిల్లీలో లోక్‌సభ ఆ బిల్లును గందరగోళము మధ్యనే, మూజువాణి ఓటుతోనే ఆమోదించెను. ఇదేమి పద్ధతి అని మన ప్రక్కవారు మండిపడిరి. పందొమ్మిది దినములలో పద్ధతి మారలేదు. సంతోషించినవారును ఏడ్చినవారును మాత్రము చోట్లు మార్చుకొనిరి. మొదటి దినమున ఊరకుండి రెండవ దినమున కేకలు వేసినవారిలో నేనొకడను. నాకు ఇష్టములేనివాని చేతిలో గంట యున్నప్పుడు నేను ఏ నియమము కోరుదునో, గంట నావాని చేతిలో నున్నప్పుడును దానినే కోరవలసియుండెను. ఆ సంగతి నాకప్పుడు తోచలేదు.

అదే లోక్‌సభలో ఆ వారమునందే జరిగిన రెండు సంగతులను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన ఎక్కువ తెలియును. ఫిబ్రవరి 13న సభలో పెప్పర్ స్ప్రే చల్లబడగా సభ్యులు దగ్గుచు, కండ్లు నలుపుకొనుచు బయటికి వచ్చిరి, కొందరిని ఆసుపత్రికి తీసికొనిపోయిరి. పలువురు సభ్యులు 374ఎ నిబంధన క్రింద సస్పెండు చేయబడిరి. ఆ నిబంధన 2001లోనే పుస్తకములో చేరినది. స్పీకరు పేరు చెప్పినంతనే ఆ సభ్యుడు ఐదు సమావేశ దినములో, లేక సెషనులో మిగిలిన దినములో, ఏది తక్కువైన అంతకాలము వెలుపల నుండవలెను. దండన కఠినమైనను నియమము ముందే తెలిసినది, పేర్లు బహిరంగముగా చదువబడెను, గడువు తెలిసినదే. ఇక 18వ తేదీన బిల్లు ఆమోదము పొందు సమయమున టెలివిజనులో ప్రత్యక్ష ప్రసారము ఆగిపోయెను. సాంకేతిక లోపమని తరువాత చెప్పిరి. అది నిజమే కావచ్చును. కాదని చెప్పుటకు నాయొద్ద ఆధారమేమియు లేదు. కాని మా ఊరి టీ కొట్టులో దానిని నమ్మినవాడు ఒక్కడును లేడు. చీకటిలో చేసిన పని న్యాయమైనదే అయినను, దానిని న్యాయమని చూపుటకు చేసినవానియొద్ద ఏమియు మిగులదు.

నాకు మిక్కిలి నచ్చిన నియమము ఒకటి ఆ సభ పుస్తకములోనే యున్నది. అగౌరవమైన మాటలను రికార్డులోనుండి తీసివేయించుటకు 380వ నిబంధన స్పీకరునకు అధికారమిచ్చుచున్నది. ఆ ప్రక్కనే 381వ నిబంధన, తీసివేసినచోట నక్షత్రపు గుర్తులుంచి, అధ్యక్షుని ఆజ్ఞచేత తీసివేయబడెనని అడుగున వ్రాయవలెనని చెప్పుచున్నది. మాట పోవును గాని, మాట పోయినదను సంగతి పోదు. తరువాత చదువువాడు ఆ చుక్కలు చూచి, ఇక్కడ ఏదో ఉండెను, ఫలానావారు తీసివేసిరి, అది న్యాయమా అని అడుగవచ్చును. నా మినిట్సు పుస్తకములో ఒక చుక్కయైనను లేదు. ఆ తల్లి ఆ కూటమునకు వచ్చినట్లే లేదు.

గ్రామసభల సంగతి కొంచెము చెప్పవలెను. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 గ్రామపంచాయతీలలో ఒకే దినమున గ్రామసభలు జరిగెను. గొప్ప సంగతియే. అయితే గ్రామసభకు అధ్యక్షత వహించువాడు సర్పంచి. అక్కడ వచ్చు ప్రశ్నలలో అనేకములు సర్పంచి చేయించిన పనులనుగూర్చినవే. మంచివాడైనను తన లెక్క తానే విచారించుకొనువాడు ఇరుకున పడును. నేను పడినది ఆ ఇరుకులోనే, కమిటీవారందరు నా స్నేహితులు గనుక. 2005 నాటి ఉపాధి హామీ చట్టము 17వ సెక్షను ద్వారా సామాజిక తనిఖీని గ్రామసభకు అప్పగించినప్పుడు, మన రాష్ట్రములో కూలీల కుటుంబములలోని చదువుకొన్న యువతీయువకులకు తర్ఫీదు ఇచ్చి ఇంటింటికి పంపిరి. వారు మస్టరు రోలుతో కూలీల నోటిమాటను పోల్చి, కనుగొన్నది అందరియెదుట బిగ్గరగా చదివిరి. నింద పడినవాడు అక్కడనే జవాబు చెప్పవలసివచ్చెను. అన్నిచోట్ల సొమ్ము తిరిగివచ్చెనని కాదు. కాని చదువురాని కూలి మనిషి తన పేరు, తన పనిదినములు చెవులార వినెను; కాదనుటకు లేచి నిలిచినప్పుడు ఆమెను కూర్చోమనుటకు ఎవరికిని అంత తేలికగా నోరు రాలేదు.

దీనికి ఒక ఆక్షేపణ కలదు, అది చిన్నది కాదు. ప్రతి నిరాకరణకు కారణము సభలో చెప్పవలెనన్నయెడల కొన్నిసార్లు కారణమే గాయము చేయును. ఒకడు తన అన్నదమ్ముల తగవునో, ఒక ఆడబిడ్డ సంసారపు సంగతినో సభలోనికి తెచ్చునప్పుడు, దానిని ఎందుకు ఆపితినో వివరించుటయే దానిని చాటించుటయగును. తగవులమారి ప్రతి కారణమునకు మరియొక వాదము తెచ్చి తెల్లవారువరకు కూర్చోబెట్టును. మత్తయి సువార్త 18వ అధ్యాయములో ప్రభువు చూపిన మెట్లు ఇక్కడ ఉపయోగపడునని నా తలంపు: మొదట ఒంటరిగా, తరువాత ఇద్దరు ముగ్గురి యెదుట, చివరకు సంఘములో. నియమము అందరికి తెలియవలెను, ఆపబడినవానికి కారణము తెలియవలెను. కారణములోని నొప్పి అందరికి తెలియనక్కరలేదు. అయితే ఈ మెట్లు బలహీనుని మానము కాపాడుటకు ఇయ్యబడినవి. అధ్యక్షుని మానము కాపాడుకొనుటకు నావంటివారు వీటిని వాడుకొందురు. "తరువాత ఒంటరిగా మాట్లాడుకుందాం" అనునది మన కూటములలో ఎంత తరచుగా వినబడునో, ఆ తరువాత అనునది ఎంత అరుదుగా వచ్చునో మీరెరుగుదురు.

పౌలు మహాసభయెదుట నిలిచినప్పుడు ప్రధానయాజకుడు అతని నోటిమీద కొట్టుడనెను. ధర్మశాస్త్రము చొప్పున విచారింప కూర్చున్నవాడు ధర్మశాస్త్రమునకు విరోధముగా కొట్టుమనుచున్నాడే అని పౌలు నిలదీసెను. నేను ఎవరిని కొట్టలేదని చాలకాలము నన్ను నేను సమాధానపరచుకొంటిని.

తరువాతి సర్వసభ్య కూటమునకు ముందు మినిట్సు పుస్తకములో ఒక పేరా చేర్చితిని: ఫలానా కూటములో ఒక సభ్యురాలు కోతపండుగ వేలమునుగూర్చి ప్రశ్న అడిగెను, అధ్యక్షుడు అజెండాలో లేదని ఆపెను, అజెండాలో లేని మరియొక విషయమును అనుమతించెను, ఆపుటకు చెప్పిన కారణము సరియైనది కాదు. దానిని కూటములో చదివితిని. కమిటీలో ఇద్దరు నాతో కొన్ని నెలలు మాట్లాడలేదు. అజెండాను మూడు దినములు ముందుగా గుడి తలుపుకు అంటించుట అప్పుడే మొదలైనది.

ఆ తల్లి ఆ కూటమునకు రాలేదు గనుక సాయంకాలము పుస్తకము పట్టుకొని ఆమె యింటికి పోయి, అరుగుమీద కూర్చుండి ఆ పేరా చదివి వినిపించితిని. ఆమె మిరపకాయల తొడిమలు తీయుచు పూర్తిగా వినెను.

"రాశారు, బాగానే ఉంది మాస్టారూ," అనెను. "ధర రాశారా?"

వ్రాయలేదు. అక్కడనుండి లేచి వేలపు చీటీ వెదకుటకు కార్యదర్శి యింటికి పోతిని. చీటీ దొరికినది. ధర ఉన్నది. పాడినవాని పేరు ఉండవలసిన గడి ఖాళీగా నుండెను.