మునుల మోహం, రాజన్న పెళ్లి

పురుషుడిపై పురుషుడికి కలిగే ప్రేమను చారిత్రక అద్భుత కల్పన, అంటే గతకాలపు నేపథ్యంలో మహిమలను కలిపి అల్లే కథాసాహిత్యం, బాహాటంగా చిత్రించడం ఇటీవలి పరిణామమే అయినా, ఆ ప్రేమకు ధర్మంలో చోటెక్కడన్న ప్రశ్న పాతదే. దండకారణ్యంలోని మునులు రాముడి సౌందర్యానికి మోహితులై, ఆ కోరిక తీరడానికి గోపికలుగా పుట్టారని పద్మపురాణం చెబుతుంది. అక్కడ కోరికకు నింద లేదు, కానీ దేహం మారితే తప్ప అది తీరదు. భగవంతుడిని ప్రియుడిగా కొలిచే మధురభక్తిదీ ఇదే దారి; అన్నమయ్య శృంగార సంకీర్తనల్లో అనేకం నాయిక గొంతుతోనే పలుకుతాయి. జగిత్యాల జిల్లా ధర్మపురికి చెందిన శేషప్ప కవి నరసింహ శతకంలో దాస్యభక్తిని, అంటే సేవకుడిగా స్వామిని ఆశ్రయించే భావాన్ని, ఎంచుకున్నాడు గనుక ఆ చిక్కే రాలేదు.

మునుల కథకు భిన్నంగా, రాజన్న సిరిసిల్ల జిల్లా వేములవాడలో శ్రీరామనవమి కల్యాణవేళ, దేవుడికి తమను అర్పించుకున్న, శివపార్వతులని పిలిచే భక్తులతో పాటు హిజ్రాలు కూడా త్రిశూలం పట్టి, తలంబ్రాలు పోసుకుని రాజన్నగా కొలిచే శివుడిని వరిస్తారు. హిజ్రాల్లో చాలామంది తమను స్త్రీలుగా భావిస్తారు గనుక దీన్ని పురుషుల ప్రేమకు ఉదాహరణగా చూపకూడదు. అయితే దైవప్రేమకు మరుజన్మ దాకా ఆగనక్కర్లేదని ఈ ఆచారం చాటుతుంది. ఇక చట్టం వైపు చూస్తే, వయోజనుల మధ్య సమ్మతితో కూడిన స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పింది. మునులను మునులుగానే ఉంచి ప్రేమకథ రాసే నేటి రచయిత, పురాణం వాయిదా వేసిన ప్రశ్నకే జవాబిస్తున్నాడని అంగీకరించాలి.