లెక్కలో లేనివాళ్ళ గెలుపు

2019 అక్టోబర్ నుంచి 2021 ఏప్రిల్ దాకా అమెరికా టీవీలో ప్రతి బుధవారం రాత్రి రెండు రెజ్లింగ్ షోలు ఒకే టైముకి ఎదురెదురుగా వచ్చేవి. ఒకటి డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్ళ 'ఎన్ఎక్స్‌టీ', రెండోది అప్పుడే పుట్టిన ఏఈడబ్ల్యూ కంపెనీ వాళ్ళ 'డైనమైట్'. మర్నాడు రేటింగులు బయటికొచ్చేవి. ఆ అంకెలు పట్టుకుని అభిమానులు వారమంతా పోట్లాడుకునేవాళ్ళు. మిర్యాలగూడలో ఏ టీ బండి దగ్గరో ఇద్దరు కుర్రాళ్ళు ఇదే విషయమ్మీద గొంతులు పెంచుకున్నారనుకుందాం. ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చింది? నీల్సన్ అనే సంస్థ అమెరికాలో కొన్ని ఇళ్ళల్లో పెట్టిన మీటర్ల నుంచి. మిర్యాలగూడలో వీళ్ళు చూసినా, చూడకపోయినా, చూస్తూ నిద్రపోయినా ఆ అంకెలో చుక్క కూడా మారదు. తమకు ఓటే లేని ఎన్నికలో గెలిచామని ఒకడు కాలరెగరేస్తాడు, ఓడామని ఇంకొకడు మొహం మాడ్చుకుంటాడు.

పనిలేక అని కొట్టిపారేయడం తేలిక. కానీ ఒక ఆటను ప్రేమించడానికీ, దాని అంకెను ప్రేమించడానికీ మధ్య గీత ఎక్కడుంది అన్నది కొట్టిపారేసే ప్రశ్న కాదు.

రెజ్లింగ్‌లో ఈ అంకెల పిచ్చికి ఒక ప్రత్యేకమైన కారణం ఉందనిపిస్తుంది. రింగులో ఎవరు గెలవాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. అది తెలిసే చూస్తారు జనం. ఇందులో వింతేం లేదు. కీచకుడు చస్తాడని తెలియకనా మనవాళ్ళు తెల్లవార్లూ భాగోతం చూసింది? 1957లో వచ్చిన 'మిథాలజీస్' పుస్తకాన్ని రోలాఁ బార్త్ రెజ్లింగ్ మీద వ్యాసంతోనే మొదలుపెట్టాడు. ఇది క్రీడ కాదు, ప్రదర్శన. గెలుపు నిజమా కాదా అన్న బెంగ ఇక్కడి ప్రేక్షకుడికి ఉండదు అన్నాడు. బార్త్ చూసింది పారిస్ హాళ్ళలో జరిగిన కుస్తీలు. టీవీ వచ్చాక ఆ బెంగ ఇంకో దారిన తిరిగొచ్చింది. రింగులో గెలుపు రాసిందే కావొచ్చు, రేటింగు మాత్రం ఎవరూ రాయలేదు కదా! నాటకం మొత్తంలో ముగింపు తెలియని పోటీ అదొక్కటే మిగిలింది. అందుకే అభిమాని దాన్ని అంత గట్టిగా పట్టుకున్నాడు.

తొంభైల్లో నడిచిన 'సోమవారం రాత్రుల యుద్ధం' చూస్తే ఇది తెలుస్తుంది. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వాళ్ళ 'రా' 1993 జనవరిలో మొదలైంది. 1995 సెప్టెంబర్ 4న దానికి పోటీగా డబ్ల్యూసీడబ్ల్యూ 'నైట్రో'ని దించింది. 1996 నడిమి నుంచి 83 వారాలు వరసగా నైట్రోదే పైచేయి. 1999 జనవరి 4 రాత్రి నైట్రో కామెంటేటర్ ఒక పని చేశాడు. అవతలి ఛానల్లో ముందే రికార్డు చేసిన 'రా'లో మిక్ ఫోలీ టైటిల్ గెలవబోతున్నాడని లైవ్‌లో, వెటకారంగా చెప్పేశాడు. ఫలితం తెలిసిపోయాక ఇంకెవడు చూస్తాడన్నది లెక్క. లక్షల మంది అప్పటికప్పుడు ఛానల్ మార్చి ఫోలీ గెలుపు చూడ్డానికి వెళ్ళారు. ఫలితం తెలిసీ వెళ్ళారు. ప్రేక్షకుడికి ఏం కావాలో లెక్కలు చూసేవాళ్ళకి అర్థం కాలేదన్నమాట.

ఈ జబ్బు పరాయిదేం కాదు. 2020 సంక్రాంతికి 'సరిలేరు నీకెవ్వరు', 'అల వైకుంఠపురములో' ఒక రోజు తేడాతో విడుదలయ్యాయి. కలెక్షన్ల గొడవ థియేటర్లతో అయిపోలేదు. అదే ఏడాది రెండూ టీవీలో వచ్చినప్పుడు మళ్ళీ మొదలైంది. మొదటిదానికి 23.4, రెండోదానికి 29.4 టీఆర్పీ. దశాంశాలు కూడా అభిమానులకు కంఠతా. ఈ అంకెలు ఇచ్చే బార్క్ సంస్థ దేశం మొత్తమ్మీద మీటర్లు పెట్టేది కొన్ని పదుల వేల ఇళ్ళల్లోనే. ఏ ఇంట్లో మీటరుందో బయటికి చెప్పకూడదు. అంటే, మన పట్నంలో ఆ రెండు సినిమాల కోసం కొట్టుకున్నవాళ్ళల్లో కూడా దాదాపు అందరూ లెక్కలో లేనివాళ్ళే. అదే అక్టోబర్లో టీఆర్పీల్లో మోసం జరిగిందని ముంబై పోలీసులు కేసు పెట్టారు. న్యూస్ ఛానళ్ళ వారపు రేటింగులు ఏడాదికి పైగా ఆగిపోయాయి. ఎవరూ రాయనిది అనుకున్న అంకె మీద కూడా అనుమానం పడింది.

అభిమాని తరఫున ఒక మాట చెప్పాలి. అంకె పడిపోతే షో ఆగిపోతుంది. షో ఆగితే మనం ఇష్టపడే మనుషులకు పని పోతుంది. కాబట్టి అంకె గురించి దిగులుపడటం ప్రేమలో భాగమే. మనం ఇష్టపడే కవి పుస్తకం అమ్ముడుపోతోందా లేదా అని మనం ఆరా తియ్యమా? ఇక్కడిదాకా పేచీ లేదు. పేచీ ఎక్కడొస్తుందంటే, 'మాది బతకాలి' అన్న కోరికా, 'వాళ్ళది చావాలి' అన్న కోరికా ఒకే అంకె మీద కూర్చుంటాయి. మొదటిది ఎప్పుడు రెండోదిగా మారిందో మనిషికి తెలీదు. ఒక చిన్న పరీక్ష ఉంది. ఈ వారం అవతలి షోలో అద్భుతమైన మ్యాచ్ పడిందని విన్నప్పుడు చూడాలనిపిస్తోందా, చిరాకేస్తోందా? చిరాకే అయితే, మనం ప్రేమిస్తున్నది రెజ్లింగ్‌ని కాదు.

చావాలన్న కోరిక తీరితే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. 2001 మార్చిలో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ తన శత్రువునే కొనేసింది. ఆ నెల 26న చివరి నైట్రో వచ్చింది. గెలిచినవాళ్ళ అభిమానులు పండగ చేసుకున్నారు. తర్వాత? ఓడినవాళ్ళ ప్రేక్షకులు చాలామంది ఇటు రాలేదు, రెజ్లింగ్ చూడటమే మానేశారు. 'రా' రేటింగులు కూడా జారాయి. పని పోయిన రెజ్లర్లకు వెళ్ళడానికి అంత పెద్ద కంపెనీ ఇంకోటి లేదు. మిర్యాలగూడ వాళ్ళకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఊరి చుట్టూ ఇన్ని రైస్ మిల్లులున్నాయి. అవన్నీ ఒక్కడి చేతికొస్తే సన్నవడ్లు ట్రాక్టర్ మీద తోలుకొచ్చిన రైతు గతేమిటో అందరికీ తెలుసు. పక్క మిల్లు మూతపడాలని ఏ రైతూ మొక్కుకోడు. అభిమాని మాత్రం మొక్కుకుంటాడు.

ఇప్పుడు కథ కొంచెం మారింది. 2025 జనవరి నుంచి 'రా' నెట్‌ఫ్లిక్స్‌లో వస్తోంది, ఆ ఏప్రిల్ నుంచి ఇండియాలో కూడా. ఆ కంపెనీ వారవారం ప్రపంచం మొత్తానికి కలిపి లెక్క చెబుతుంది. అంటే మన కుర్రాడు ఇన్నాళ్ళకి లెక్కలోకొచ్చాడు. సంతోషించాలా? ఒకసారి సినిమా టీజర్ల సంగతి గుర్తు చేసుకోండి. మొదటి 24 గంటల రికార్డు కోసం, సౌండు తీసేసి, ఫోను పక్కన పడేసి, అదే వీడియోను రాత్రంతా తిప్పే అభిమానులున్నారు. చూస్తున్నవాడు లేడు, చూసిన లెక్క మాత్రం ఉంది. ఇష్టంగా చూడాల్సింది జీతం లేని డ్యూటీ అయిపోయింది.

లెక్కలో లేని రోజుల్లో మంగళవారం పొద్దున్నే లేచి 'రా' చూసిన కుర్రాడి చూపు ఏ అంకెకీ ఉపయోగపడలేదు. ఎవడి ఆదాయమూ పెంచలేదు, ఎవణ్ణీ ఓడించలేదు. వాడికి నచ్చింది, చూశాడు, అంతే. రేటింగుల గొడవలో వాడు గెలిచిందేమీ లేదు గానీ, ఆ సమయం మాత్రం పూర్తిగా వాడిదే. ఇప్పుడు వాడి చూపుకి కూడా ఒక విలువ కట్టారు. ఆ విలువ పెంచడానికి చూస్తాడో, ఇదివరకటిలా ఊరికే చూస్తాడో వాడే తేల్చుకోవాలి.