నొప్పిని మాన్పుట, నొప్పిని మఱపించుట

గంజాయి యను పేరు వినినంతనే మన గృహములలో రెండు మాటలు పుట్టును. అది మత్తుపదార్థము, దానిని తలపనైన రాదని కొందఱు. అది ప్రకృతి యొసగిన మూలిక, దానివలన కీడేమియని మఱికొందఱు. ఈ రెండును మొక్కను గూర్చిన మాటలే కాని రోగిని గూర్చినవి కావు. మణికట్టు బాధచే నిద్రకు దూరమైనవారికి దానిని మందుగా నిచ్చుట ధర్మమా యను ప్రశ్నకు సమాధానమును రోగమునందే వెదకవలెను.

కార్పల్ టనెల్ సిండ్రోమ్ అను వ్యాధి యెట్టిది? మణికట్టు ఎముకలకును, వానిపై నడ్డముగా బిగిసియున్న పట్టీవంటి బంధకమునకును నడుమ నొక యిఱుకైన మార్గము కలదు. వ్రేళ్లను ముడుచు తొమ్మిది స్నాయువులును, మీడియన్ నాడియు దానిగుండనే పోవును. అచ్చట వాపు గలిగినచో నాడి నొక్కబడును. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలిలో సగము తిమ్మిరెక్కును. రాత్రులందు బాధ హెచ్చును. ఇది పురుషులకంటె స్త్రీలకే యెక్కువ. ఒత్తిడి చిరకాలము నిలిచెనేని బొటనవ్రేలి మొదటి కండ క్షీణించును. క్షీణించిన బలము మరల పూర్తిగా రాకపోవచ్చును.

ఆ యొత్తిడిని గంజాయి తొలగింపజాలదు. దానిని తగ్గించునవి రాత్రివేళ మణికట్టును కదలకుండ నుంచు కట్టు, స్టెరాయిడ్ సూది, తుదకు బంధకమును కోసి నాడికి చోటు గల్పించు శస్త్రచికిత్స. గంజాయివలన నాశింపదగినది బాధ యుపశమించుట మాత్రమే. అందును పండితులు ఏకాభిప్రాయులు కారు. పెద్దలలో దీర్ఘకాలిక వేదనకు అది పనిచేయుననుటకు గట్టి నిదర్శనము కలదని 2017లో అమెరికా జాతీయ అకాడమీలు ప్రకటించెను. వేదనకు దాని సాధారణ వినియోగమును సమర్థింపజాలమని 2021లో అంతర్జాతీయ వేదనాధ్యయన సంఘము పలికెను.

బాధ తీరిన చాలదా యని యడుగవచ్చును. బాధ యింటి కావలివాని కేక వంటిది. దొంగను పట్టక కావలివాని నోరు మూసినచో ఇల్లు నిశ్శబ్దముగా నుండునే కాని క్షేమముగా నుండదు. దినమెల్ల బీడీలు చుట్టు స్త్రీకి నొప్పి తెలియకుండ జేసి, ఆమెచే మరల నదే పని చేయించితిమేని, ఆ మందువలన లాభమెవ్వరికి? చేయి మాత్రమామెది.

అట్లని ఓర్చుకొనుమని బోధించుటయు దయ కాదు. ఆడుదానికి సహనమే భూషణమను మాట ఆమె చేతిని క్షీణింపజేయుటకు మఱియొక మార్గము. మన ఆయుర్వేదము ఈ మొక్కకు విజయ యను పేరిడి యౌషధములందు జేర్చినది. గంజాయిని నిషేధించిన 1985 నాటి చట్టము సయితము వైద్య, శాస్త్రీయ ప్రయోజనములకు ద్వారము మూయలేదు. కావున వైద్యుని యనుజ్ఞతో, చట్టమునకు లోబడి, యుపశమనము గోరుట పాపము కాదు.

చికిత్సకు తోడైన యుపశమనము ధర్మము. చికిత్సకు బదులైనది వంచన. నడిరేయి లేచి చేతిని విదలించుకొను గృహిణి మన యింట నున్నచో, ఏ మూలిక మంచిదని వాదించుటకు ముందు, ఆమెను వైద్యునొద్దకు గొనిపోయి, ఆమె చేతిపనిలో పాలుపంచుకొందము.