ఆశకు తోడు కావాలి



కష్టంలో ఉన్నవారితో "ఆశ వదులుకోకు" అని మనం సులువుగా అనేస్తాం. ఒంటరిగా ఉన్నవానికి ఆ మాట ఎంతవరకు చేరుతుంది? ఆశ అంటే ఎవరికి వారు గుండె దిటవు చేసుకోవడమేనా?

మనం ఆశించేది మంచిదై, ఇంకా చేతికి రానిదై, కష్టమైనా సాధ్యమైనదై ఉండాలని పునీత తోమాసు అక్వినాసుగారు బోధించారు. అది మన బలంవల్లనైనా సాధ్యం కావాలి, ఇతరుల సాయంవల్లనైనా సాధ్యం కావాలి. ఆ సాయం చేసేవారిలో మొదటివాడు దేవుడే. సాలూరు లారీవారికి ఈ సంగతి చదవకుండానే తెలుసు. సుంకి వైపు ఘాట్‌రోడ్డులో అర్ధరాత్రి బండి ఆగిపోతే, వెనుక వచ్చిన లారీ పక్కన నిలిస్తే చాలు. చీకటి పోదు, ఘాటు తరగదు. అయినా సగం భయం తీరుతుంది.

మన ఊరిలో లెప్రసీ మిషన్‌వారి ఫిలడెల్ఫియా ఆసుపత్రి ఉంది. గ్రీకులో ఆ పేరుకు సోదరప్రేమ అని అర్థం. కుష్ఠువ్యాధిని కలిగించే క్రిమిని 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనుగొన్నారు. అదే సంవత్సరం బెల్జియం గురువు డేమియన్‌గారు హవాయి దీవులలోని మొలకాయికి, వెలివేయబడిన రోగుల మధ్యకు వెళ్లారు. నయంచేసే మందు ఆయన దగ్గర లేదు. వారి పుండ్లు కడిగారు, శవపేటికలు చేశారు, అదే వ్యాధి సోకి 1889లో మరణించారు. శ్రీసభ 2009లో ఆయనను పునీతునిగా ప్రకటించింది. నేడు మందులతో ఈ వ్యాధి పూర్తిగా నయమవుతుంది. నయమైనవారిని దగ్గరకు తీసుకొనే పని మాత్రం మందుబిళ్లలు చేయలేవు.

నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. గురువునైన తొలి సంవత్సరాలలో, ఒక విచారణలో, ఈ వ్యాధి నయమైన పెద్దాయన ఒకరు ప్రతి ఆదివారం గుడిలో వెనుక గోడవారగా కూర్చునేవారు. సమాధానం ఇచ్చిపుచ్చుకొనేవేళ ఆయనవైపు ఎవరూ తిరిగేవారు కారు. నేను పీఠం దగ్గరనుండి నెలల తరబడి చూస్తూనే ఉన్నాను. వరుసగా రెండు ఆదివారాలు రాకపోతే ఇంటికి వెళ్లాను. జ్వరంతో పడుకొని ఉన్నారు. నన్ను చూసి, "నేను రాలేదని మీకెలా తెలిసింది ఫాదరుగారూ?" అన్నారు.

కుష్ఠు నరాలను దెబ్బతీసి స్పర్శను హరిస్తుంది. కాలిలో ముల్లు దిగినా తెలియదు. ఆయన వ్యాధి ఎప్పుడో నయమైంది. మొద్దుబారింది మా సంఘం, అందులో మొదట నేను.

ఉత్థాన ప్రభువు దర్శనమిచ్చిన సాయంత్రం తోమా అక్కడ లేడు. మిగిలినవారు అతనిని వదిలివేయలేదు. తాము ప్రభువును చూచిన సంగతి చెప్పారు. అతడు నమ్మకపోయినా వెలివేయలేదు. ఎనిమిది దినాల తరువాత, వారి మధ్య ఉండగానే, అతనికి ప్రభువు కనిపించాడు.

వచ్చే ఆదివారం పూజ ముగిశాక మీ వరుసలో ఎవరు రాలేదో చూడండి. ఆ సాయంత్రమే వారి తలుపు తట్టండి.